పదకొండు గంటల ఆఫీసరు గారు

ఫోనులో మాట్లాడే మనిషి అబద్ధం చెప్పడని నమ్మిన కాలం ఒకటి ఉండేది. ఆ రోజుల్లో మా కంచరపాలెం వీధి మొత్తానికి ఒక్క డాక్టరు గారింట్లోనే ఫోను ఉండేది. దాని మీద పూలు కుట్టిన గుడ్డ కప్పి ఉంచేవారు. మోగినప్పుడు గుడ్డ తీసి, మడిచి, పక్కన పెట్టి, అప్పుడు ఎత్తేవారు (ఈలోగా సగం ఫోన్లు ఆగిపోయేవి). దరఖాస్తు పెట్టుకుని ఏళ్ల తరబడి ఎదురుచూస్తే గాని దొరకని వస్తువు కదా, అందులోంచి అబద్ధం ఆడటానికి ఎవరికి మనసొప్పుతుందని మా అందరి ఉద్దేశం. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్లో ఆడపిల్లలు నా దగ్గరికి వచ్చి, "ఆంటీ, బ్యాంకు నుంచి అంటూ ఎవరో ఫోను చేశారు, నిజమేనంటారా?" అని అడుగుతుంటారు. ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేశాను కాబట్టి ఫోను మోసాల సంగతి నాకు బాగా తెలుసని వాళ్ల నమ్మకం. నేనూ కళ్లద్దాలు సర్దుకుని గంభీరంగా సలహా చెబుతాను. ఆ అర్హత నాకెలా వచ్చిందన్నది మాత్రం వాళ్లకెప్పుడూ చెప్పలేదు. చెబితే ఆ సలహాకు ఉన్న కాస్త విలువ కూడా పోతుందని భయం.

ఎనభైల మొదట్లో సంగతి ఇది. నాకప్పుడు ఇరవై ఏళ్లు. ఇంటరు ఇంగ్లీషు రెండోసారికి గట్టెక్కి, హార్బరు దగ్గర ఒక చిన్న కంపెనీలో టెలిఫోన్ ఆపరేటరుగా చేరాను. ఓడల్లో వచ్చిన సరుకును కస్టమ్స్ వాళ్ల నుంచి విడిపించి పంపడం ఆ కంపెనీ పని. చర్చిలో పాటలు పాడతానని, గొంతు బావుందని ఉద్యోగం ఇచ్చారు. నా ముందు ఒక చెక్క బోర్డు, దాని నిండా చిల్లులు, ఒక్కో చిల్లు మీద ఒక్కో బుల్లి మూత. ఫోను వస్తే మూత టప్పున కింద పడేది. నేను తీగ చివరున్న పిన్ను ఆ చిల్లులో గుచ్చి "గుడ్ మార్నింగ్" అనాలి. మధ్యాహ్నం మూడు గంటలకు కూడా గుడ్ మార్నింగే అనేదాన్ని, ఆఫ్టర్‌నూన్‌కు నాలుక తిరిగేది కాదు. నా మీద అజమాయిషీ హెడ్‌గుమాస్తా గారిది. ఎవరు ఏ ఉత్తరం రాసుకొచ్చినా అందులో నాలుగు కామాలు పెట్టకుండా సంతకం చేసేవారు కాదు. అందుకని చాటున ఆయన్ని కామా గారు అనేవాళ్లం. ఆఫీసు ఫోనులో సొంత కబుర్లు చెప్పుకుంటే మూడు నిమిషాలకే వచ్చి నా కుర్చీ వెనక నిలబడి దగ్గేవారు.

ఆ ఉద్యోగం రాగానే మా వీధిలో నా హోదా పెరిగిపోయింది. లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసే మా నాన్న, ఎవరు కనిపించినా "మా పాప టెలిఫోన్లో సేత్తంది" అనేవాడు. అదేదో ఫోను పెట్టె లోపల కూర్చుని చేసే పనిలాగా. నేనూ తక్కువ తినలేదు. ఆదివారం చర్చి అయ్యాక యూత్ మీటింగులో కుర్రాళ్లూ అమ్మాయిలూ చుట్టూ చేరితే, ఓడల పేర్లు, కెప్టెన్ల పేర్లు, మద్రాసు ట్రంకు కాల్సు అంటూ ఊదరగొట్టేదాన్ని. ఆ కెప్టెన్లలో ఒక్కడి మొహమైనా నేను చూసి ఎరగను.

అప్పుడు ఊరంతా ఒకటే మాట, స్టీల్ ప్లాంట్. గాజువాక అవతల పునాదులు తవ్వుతున్నారు, క్రేనులు దిగుతున్నాయి, ఇవాళో రేపో ఉద్యోగాలు పడతాయి అని. ఐటీఐ చదివిన ప్రతి కుర్రాడూ ఆ ఉద్యోగం వచ్చేసినట్టే నడిచేవాడు. మా అన్నయ్య ఐటీఐ ఫిట్టరు పాసై రెండేళ్లుగా సైకిలు చెయినుకు నూనె రాసుకుంటూ కూర్చున్నాడు. ఆ సైకిలు చెయిను అంత శుభ్రంగా ఉన్న సైకిలు ఊళ్లో ఇంకోటి ఉండేది కాదు.

సరిగ్గా అలాంటి రోజుల్లో, ఒక సోమవారం పదకొండు గంటలకు మూత పడింది. పిన్ను గుచ్చాను. "నమస్కారమండీ. ప్రొప్రైటరు గారితో మాట్లాడవచ్చునా?" అంది అవతలి గొంతు. ఆ గొంతును ఎలా వర్ణించను. ఇత్తడి బిందెలోంచి వచ్చినట్టు గుండ్రంగా, ఒక్కో అక్షరం విడివిడిగా, తొందర లేకుండా. మా చర్చి అయ్యగారు క్రిస్మస్ నాడు వాక్యం చదివేటప్పుడు కూడా అంత నిండుగా ఉండేది కాదు (దేవుడు క్షమించాలి). ప్రొప్రైటరు గారు పదకొండు గంటలకు ఎప్పుడూ కస్టమ్స్ ఆఫీసులో ఉంటారు, అదే చెప్పాను. "పర్వాలేదు, రేపు చేస్తాను. నేను స్టీల్ ప్రాజెక్టులో పర్సనెల్ ఆఫీసరును" అని పెట్టేశారు. మర్నాడు పదకొండుకు మళ్లీ. ఆ మర్నాడు మళ్లీ. ప్రొప్రైటరు గారు లేకపోవడం ఆయనకు ఏ రోజూ చిరాకు కలిగించేది కాదు. నాకు మాత్రం ఇదేమిటన్న అనుమానం రాలేదు. పైగా ఆయన మాట్లాడుతుండగా వెనకాల అప్పుడప్పుడు "కుయ్యిఁ" మని సన్నగా కీచుమనే శబ్దం, ఆ వెంటనే "టప్" మని ఇంకో శబ్దం వినబడేవి. అది ఉక్కు కొలిమిలోంచి ఆవిరి వదిలే చప్పుడని నేనే అనుకుని, ఇంట్లో కూడా చెప్పాను. కొలిమి ఇంకా కట్టనేలేదని అన్నయ్యకు తెలుసు, అయినా వాడూ తలూపాడు. నమ్మాలనుకున్న మనిషికి కొలిమి ఒక లెక్కా.

శుక్రవారం నాడు ఆఫీసరు గారు గొంతు తగ్గించారు. "మీకొక్కరికే చెబుతున్నాను. పేపర్లో పడకముందే కొన్ని పోస్టులు నింపుతున్నాం. ఫిట్టర్లు, ఆపరేటర్లు, ప్రాజెక్టు ఆస్పత్రిలో నర్సింగు సహాయకులు. నమ్మకమైనవాళ్లుంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు పంపండి, పరిశీలించి వారంలో తిప్పి పంపుతాం. బయటికి మాత్రం పొక్కనివ్వకండి" అన్నారు. నేను పొక్కనివ్వలేదు. ఆ సాయంత్రం ఇంట్లో మాత్రమే చెప్పాను, ఆదివారం యూత్ మీటింగులో మాత్రమే చెప్పాను.

మా అమ్మ ఒక్కతే కొంచెం వెనకాడింది. "ఒరిజినల్సు ఎందుకే, టైపు కొట్టించిన కాపీలు సాలవా?" అంది. దానికి నాన్న గొప్ప తర్కం లాగాడు. "డబ్బులడిగితే మోసం అనుకోవాల. ఆ బాబు పైసా అడగలేదు. ఒట్టి కాయితాలు అట్టుకెళ్లి ఆయన ఏటి సేసుకుంటాడు? పకోడీలు కట్టుకుంటాడా?" అన్నయ్య పెట్టె తెరిచి, పాతచీర మడతలోంచి తన పదో తరగతి సర్టిఫికెట్టు, ఐటీఐ సర్టిఫికెట్టు తీసి నా చేతిలో పెట్టాడు. "జాగర్తే" అన్నాడు, అంతే.

మొత్తం తొమ్మిది మందివి పోగయ్యాయి, నావి కలుపుకుని. అందులో ఎనిమిది వాళ్లంతట వాళ్లు ఇచ్చినవి. తొమ్మిదోది మా వెనక క్వార్టరు అమ్మాయిది. ఆ పిల్ల చిన్నప్పటి నుంచి బొమ్మలకు కట్లు కట్టేది, అందుకని అందరం నర్సమ్మ అని పిలిచేవాళ్లం. పెద్దాస్పత్రి నర్సింగు స్కూల్లో సీటు కోసం రాసింది, ఇంకా కబురు రాలేదు. "నాను దానికోసం సూత్తన్నాను కదక్కా, ఇదెందుకు?" అంది. "అది రాకపోతే ఏం చేస్తావు? రెండు చోట్లా ఉండనీ. నా మాట విను" అని బలవంతాన తీసుకున్నాను. నా మాట వినడమే అప్పట్లో మా వీధి పిల్లలు చేసే పెద్ద పొరపాటు.

సోమవారం పదకొండున్నరకు ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి ఒకడు ఆఫీసు గేటు దగ్గరికి సైకిలు మీద వచ్చి, "ఆఫీసరు గారు పంపారు" అన్నాడు. ఆకుపచ్చ రెక్సిన్ సంచీ అతని చేతికిచ్చాను. అతను ఊదారంగు ముద్ర కొట్టిన రసీదు ఇచ్చాడు. ముద్రలో అక్షరాలు అలుక్కుపోయినా, గుండ్రంగా, మధ్యలో ఏదో బొమ్మతో దర్జాగానే ఉంది. దాన్ని బైబిల్లో పెట్టుకుని వారం రోజులు రోజూ ఒకసారి చూసుకున్నాను.

వారం గడిచింది. ఆ వారం బోర్డు మీద పదకొండుకు ఏ మూతా పడలేదు. రెండో వారం బుధవారం పడింది. అదే గొంతు, అదే నిండుతనం, మాట మాత్రం వేరు. "మీ వాళ్ల కాగితాలు మా సెక్యూరిటీ విభాగంలో చిక్కుకున్నాయండీ. విడిపించాలంటే ఒక్కొక్కరికి రెండు వందలు ఖర్చవుతుంది. లేకపోతే వాళ్లు వాటిని తగలబెట్టే ప్రమాదం ఉంది. రేపు ఇదే వేళకు ఫోను చేస్తాను" అన్నారు. అప్పటికి నా జీతం రెండు వందల యాభై. తొమ్మిది మందికి పద్దెనిమిది వందలని లెక్క వేసుకున్నాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి నర్సమ్మ గుమ్మంలో ఎదురొచ్చింది. నర్సింగు స్కూలు నుంచి కార్డు వచ్చిందట. సోమవారం ఒరిజినల్ సర్టిఫికెట్లతో రమ్మన్నారట. "నీ ఆఫీసరు గార్ని కొంచెం తొందరగా ఇమ్మని సెప్పక్కా" అని నవ్వుతూ అడిగింది. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు నా మొహం మీద ఎలా ఉందో గాని, మా అమ్మ మాత్రం "ఒంట్లో బావులేదేటే?" అంది.

మర్నాడు పొద్దున్న బోర్డు ముందు కూర్చుని కళ్లు తుడుచుకుంటుంటే వంజరం మామ్మ వచ్చింది. ఆవిడది జాలరిపేట. ప్రొప్రైటరు గారింటికి వారానికి రెండుసార్లు చేప ఇచ్చేది. వంజరం తప్ప ఇంకో చేపను చేపగా లెక్కపెట్టేది కాదని ఆ పేరు. ఆఫీసు వెనక గుమ్మంలో తట్ట దించి, నా స్టూలు పక్కన నేల మీద కూర్చుని కాసేపు అలుపు తీర్చుకోవడం ఆవిడ అలవాటు. నన్ను చూసి, "ఏటే గుంటా, అలగున్నావు? మొగుడి మాట వొచ్చిందేటి?" అంది. ఎవరితోనూ చెప్పలేనిదంతా ఆవిడ ముందు కక్కేశాను. మామ్మ ఆశ్చర్యపోలేదు, తిట్టలేదు. ఒక్క ప్రశ్న వేసింది. "ఆ గొంతు నాకోపాలి ఇనిపిత్తావా?"

"నువ్వు విని ఏం చేస్తావు మామ్మా?" అన్నాను.

"నాను దినానికి నూరు గుమ్మాల కాడ అరుత్తాను. లోపల్నించి ఎంతకి అని అడుగుతారు గాని, మనిసి బయటికి రారు. గొంతుతోటే బేరం, గొంతుతోటే బేపారం. ఈ ఊర్లో గొంతులు నాకు తెల్సినట్టు నీ డబ్బాకి కూడా తెల్దు" అంది నా బోర్డు వైపు చెయ్యి చూపిస్తూ.

పదకొండుకు మూత పడింది. రిసీవరు మా ఇద్దరి చెవుల మధ్య పెట్టుకున్నాం (తర్వాత నెల్లాళ్లు దాన్ని ఎత్తినప్పుడల్లా చేపల వాసన వేసేది). ఆఫీసరు గారు నమస్కారం చెప్పారు. మామ్మ మొహంలో ఏ మార్పూ లేదు. నేను ఏడుపు గొంతుతో, "అంత ఇచ్చుకోలేమండీ, వందకు చూడండి" అన్నాను. ఆయన, "మీ మాటా వద్దు, నా మాటా వద్దు, నడిమిన తేల్చుకుందాం. నూట యాభై" అన్నారు. అంతే, మామ్మ నా తొడ మీద గట్టిగా గిచ్చింది. అప్పుడే వెనకాల "కుయ్యిఁ, టప్" మని వినబడింది. మామ్మ రెండోసారి గిచ్చింది. రేపు వివరంగా మాట్లాడదామని ఎలాగో చెప్పి పెట్టేశాను.

"ఈడు నాకు ఎరికే" అంది మామ్మ తాపీగా. "మా పేట రోడ్డు మొగన రేకుల గదిలో ఉంటాడు. నాలుగు కవళ్ల సేపల కోసం గంట సేపు పేనం తీత్తాడు. పెతీ దినం ఇదే మాట, నీ మాటొద్దు, నా మాటొద్దు, నడిమిన తేల్సుకుందాం అని."

"మరి ఆ స్టీల్ ప్లాంటు చప్పుడు?" అన్నాను.

"ఏ చప్పుడే? కుయ్యిమన్నదా? అది గోళీసోడా. ఆ రోడ్డు మొగనే సోడా కొట్టు ఉన్నాది, ఫోను అందులోదే."

నా ఉక్కు కొలిమి అలా గోళీసోడా అయిపోయింది. ఇంతలో వెనకాల దగ్గు వినబడింది. కామా గారు ఎంతసేపటి నుంచి నిలబడ్డారో తెలియదు. "ఆ రసీదు ఏదీ?" అని అడిగారు. బైబిల్లోంచి తెచ్చి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను, తీసిచ్చాను. ఆయన భూతద్దం పెట్టి ముద్రను అటూ ఇటూ తిప్పి చూసి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివారు. "శ్రేష్ఠమైన, పశువుల దాణా, తవుడు, తెలగపిండి." మధ్యలో ఉన్న బొమ్మ గేదె అట. నేను వారం రోజులు భక్తిగా చూసుకున్నది గేదెను.

పోలీసులకు చెబుదామంటే, ఫోను చేస్తుండగా పట్టుకోకపోతే నేను కాదంటాడు, కాగితాలు ఏ పొయ్యిలోనో పెడతాడు అన్నారు కామా గారు. ఆయనా మామ్మా కలిసి ఏర్పాటు చేశారు. రేపు పదకొండుకు వాడు కొట్టులోకి రాగానే మామ్మ పేట ఆడవాళ్లను వెంటబెట్టుకుని వెళుతుంది. "అయితే అది పడవలొచ్చే యేళ. అందర్నీ కూడగట్టుకోడానికి ఆలీసెం అవుతాది. నాను వొచ్చేదాకా ఆడ్ని మాటల్లో ఎట్టు. ఒగ్గీకు" అని నాకు మరీ మరీ చెప్పింది. ఆ రాత్రి అన్నయ్యకు మొత్తం చెప్పేశాను. చెయినుకు రాస్తున్న నూనె గుడ్డ పక్కన పెట్టి, పెడలు ఒకటి చేత్తో తిప్పుతూ కూర్చున్నాడు. కొట్టినా బావుండేది. చివరికి, "నాది పోతే పోయింది. నర్సమ్మకి సోమారం గదే" అన్నాడు.

శుక్రవారం పదకొండు. మూత పడింది. కామా గారు రెండో లైను మీద పోలీస్ స్టేషనుకు తిప్పుతూ కూర్చున్నారు. నేను ముందు మా తొమ్మిది మంది పేర్లు చెప్పి, ఎవరివి ముందు వస్తాయి, ఎవరివి తర్వాత అని అడిగాను. రెండు నిమిషాలు గడిచాయి. ఇంటి పేర్లతో సహా మళ్లీ చెప్పాను. ఇంకో రెండు నిమిషాలు. డబ్బు ఎక్కడికి తేవాలి అన్నాను, బస్టాండుకు అన్నారు. ఏ బస్సు ఆగే చోటికి అన్నాను. భీమిలి బస్సు అన్నారు. భీమిలి బస్సులు రెండు చోట్ల ఆగుతాయి కదా అన్నాను. ఆయన గొంతులో మొదటిసారి కాస్త విసుగు తగిలింది. "సరేనండీ, ఉంటాను మరి" అన్నారు.

అప్పుడు నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ తెలివి, ఈనాటికీ తెలియదు. "సార్, ఒక్క మాట. నాకు ఆపరేటరు ఇంటర్వ్యూ ఉంటుంది కదా. మీ గొంతులాగా పలకడం ఎలా వస్తుందండీ? కొంచెం నేర్పరూ?" అన్నాను. అవతల ఆయన గొంతు సవరించుకున్నారు. ఆ సవరింపులోనే ఆయన ఇక ఫోను పెట్టరని నాకు అర్థమైంది. ఊపిరి పొట్టలోంచి తీసుకోవాలన్నారు. మాట చివర మింగకూడదన్నారు. "ఏదీ, అనండి. నమస్కారం, ఉక్కు కర్మాగారం." అన్నాను. "కర్మా దగ్గర తొందరపడుతున్నారు. మళ్లీ." మళ్లీ అన్నాను. గుమాస్తాలు ఒక్కొక్కరే వచ్చి నా చుట్టూ నిలబడ్డారు. నేను చెమటలు కక్కుకుంటూ "నమస్కారం, ఉక్కు కర్మాగారం" అని పాఠం అప్పజెబుతున్నాను. పదోసారో పదకొండోసారో అంటుండగా తలుపు తెరుచుకుని ప్రొప్రైటరు గారు లోపలికి వచ్చారు. కస్టమ్స్ నుంచి పావుగంటగా ఫోను చేస్తున్నారట, లైను దొరకడం లేదట. తన ఆపరేటరు తన ఆఫీసులో కూర్చుని ఉక్కు కర్మాగారం అనడం విని, "ఈ అమ్మాయి ఎప్పుడు మారింది ఉద్యోగం?" అని కామా గారిని అడిగారు. జీవితంలో ఎన్నడూ అబద్ధం ఆడని కామా గారు, కళ్లు దించుకుని, "లైను పరీక్ష జరుగుతోంది సార్" అన్నారు.

ఇరవై నిమిషాలు దాటింది. నా గొంతు బొంగురుపోయింది. ఆయన మాత్రం మంచి ఊపులో ఉన్నారు. ఎక్కడ ఆగాలి, ఎక్కడ లాగాలి అని చెప్పుకుపోతున్నారు. ఒక సోడా కుయ్యిమంది. తర్వాత ధబ్బున తట్ట దించిన చప్పుడు. ఆ తర్వాత ఎంతో మర్యాదగా మామ్మ గొంతు.

"బాబూ, కవళ్లు తెచ్చీసినాను. ఇయ్యాల బాగా తాజాగున్నాయి."

"ఇప్పుడు కాదే, ఎల్లెహే. పెద్దోల్తో మాటాడతన్నాను" అంది ఆఫీసరు గారి గొంతు. ఇత్తడి బిందె ఒక్క క్షణంలో సొట్టబోయింది. అచ్చం మా వీధిలో మాట్లాడినట్టే ఉంది.

"ఎవులు బాబూ ఆ పెద్దోలు? మా గుంటేనా?" అంది మామ్మ.

తర్వాత ఒకేసారి పది మంది ఆడవాళ్ల గొంతులు. ఏదో పడింది, సీసాలు దొర్లాయి. రిసీవరు తీగకు వేలాడుతూ గోడకు కొట్టుకుంటున్నట్టు టకటకమని శబ్దం. మేమందరం బోర్డు మీదికి వంగి వింటున్నాం, ప్రొప్రైటరు గారితో సహా. చివరికి మామ్మ ఫోను ఎత్తింది. జీవితంలో మొదటిసారి ఫోనులో మాట్లాడుతోంది కాబట్టి, నడి సముద్రంలో ఉన్న పడవను పిలిచినట్టు పిలిచింది. "ఒలే, ఇన్నావేటే? దొరికీసినాడు. మా కోడలు ఆడి మీద కూకుంది. ఇదిగో, మాటాడీసినాక దీన్ని ఎక్కడెట్టాలి?"

కాగితాలు ఆ రేకుల గదిలో బియ్యం డబ్బాలో దొరికాయి. మావే కాదు, అనకాపల్లి వైపువి, భీమిలివి, ఇంకా ఎవరెవరివో ఒక దొంతర. కానిస్టేబులు అన్నీ అయ్యాక సైకిలు మీద వచ్చాడు. స్టేషన్లో నేను ఆ మనిషిని మొదటిసారి చూశాను. బక్కగా, పొట్టిగా, మెడకు మఫ్లరు చుట్టుకుని, జుట్టు నిండా చేప పొలుసులతో బెంచీ మీద ముడుచుకుని ఉన్నాడు. రిక్షాలో మైకు పట్టుకుని సినిమాల ప్రచారం చేసేవాడట, సంచీ పట్టుకెళ్లిన ఖాకీ చొక్కా మనిషి ఆ రిక్షా తొక్కేవాడట. పని తగ్గిందట. అంటే ఆ గొంతు ఏళ్ల తరబడి మా వీధిలోంచి వెళ్లినదే, నేను గుమ్మంలో నిలబడి విన్నదే. నన్ను చూసి, "మీరేనా మేడమ్? గొంతు ఇని పెద్దావిడ అనుకున్నాను" అన్నాడు. తిట్టాలని చాలా సిద్ధం చేసుకుని వెళ్లాను. ఒక్కటీ గుర్తు రాలేదు.

స్టేషను వాళ్లు వివరాలు రాసుకుని, కామా గారి పూచీ మీద మా తొమ్మిది మంది కాగితాలు శనివారం తిరిగి ఇచ్చారు. ఆ సాయంత్రమే సంచీ పట్టుకుని ఒక్కొక్క ఇంటికీ వెళ్లాను. ప్రతి గుమ్మంలోనూ జరిగింది మొదటి నుంచి చెప్పాలని నాకు నేనే శిక్ష వేసుకున్నాను. కొందరు నవ్వారు, ఒకాయన తలుపు వేసేశాడు, ఒకావిడ కాఫీ ఇచ్చింది. నర్సమ్మ తన సర్టిఫికెట్టు తీసుకుని, రెండు చేతులతో గుండెకు ఆనించుకుని, చాలాసేపు అలాగే నిలబడింది. సోమవారం ఆ పిల్లను నర్సింగు స్కూలుకు అన్నయ్య సైకిలు మీద తీసుకెళ్లాడు, సీటు వచ్చింది. అన్నయ్య ఐటీఐ సర్టిఫికెట్టు మీద మాత్రం ఆ గదిలో తగిలిన పసుపు మరక ఒకటి మిగిలిపోయింది. మూడేళ్ల తర్వాత అసలైన ఇంటర్వ్యూలో ఆఫీసరు ఆ మరక చూసి ఇదేమిటని అడిగితే, వాడు "చేపల పులుసు సార్" అన్నాడట. ఉద్యోగం వచ్చింది. పులుసు వల్ల కాదు, పని వచ్చు కాబట్టి.

ఆదివారం అయ్యగారు నన్ను యూత్ మీటింగులో మాట్లాడమన్నారు. ఎవరో గొంతు బావున్నవాళ్లు ఫోను చేసి కాగితాలడిగితే ఇవ్వకండి, ముందు ఆ ఆఫీసుకు మీరే వెళ్లి కనుక్కోండి, తొందర పెట్టేవాళ్లనూ రహస్యం అనేవాళ్లనూ నమ్మకండి అని చెప్పాను. ఇప్పుడు మా అపార్ట్‌మెంటు పిల్లలకు చెప్పేది కూడా దాదాపు అదే.

అన్నీ చెప్పాను గాని, ఒక్క సంగతి దాచాను. స్టేషన్లో రైటరు నా ఫిర్యాదు రాసుకుంటూ, "అతను మీతో చెప్పిన అబద్ధాలన్నీ వరసగా చెప్పమ్మా" అన్నాడు. ఆఫీసరునన్నాడు, పోస్టులున్నాయన్నాడు, సెక్యూరిటీ విభాగం అన్నాడు, అన్నీ రాయించాను. "ఇంకేమైనా ఉన్నాయా?" అని అడిగాడు. ఉంది ఇంకొకటి. రెండో రోజు ఫోనులో ఆయన, "మీ గొంతు రేడియోలో ఉండవలసిందండీ" అన్నారు. పెన్ను పట్టుకుని రైటరు ఎదురుచూస్తున్నాడు. పక్కన కామా గారున్నారు, వంజరం మామ్మ ఉంది. ఇరవై ఏళ్ల ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "ఇంకేం లేవండీ" అంది. ఆ ఒక్క మాటా అబద్ధాల జాబితాలోకి ఎక్కడం దానికి ఇష్టం లేకపోయింది. ఇప్పుడు అరవై దాటాయి, దాన్ని మందలిద్దామని ఎన్నోసార్లు అనుకుంటాను గాని, నాకూ మనసు రాదు.